మింగళాడోన్ రోడ్డులో ఆగని రష్యా జీపు

బావా,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు పోయి ఏడాది మీద రెండు నెలలయింది.

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. కాగితం దొరకడం లేదు, కళ్లు ఆనడం లేదు. పైగా బతికున్నప్పుడే నా మాట పూర్తిగా వినేవాడివి కాదు, ఇప్పుడు వింటావేటి? కానీ ఒక సంగతి కడుపులో ఉండిపోయింది. మా అప్పకి, అదే నీ ఇంటిదానికి, చెప్పుకుందామంటే, ఆవిడ పక్కనే కూచుని చూసింది.

ముందు ఊరి సంగతులు.

ఆగస్టులో సర్కారు దిగిపోవాలని రంగూన్ అంతా రోడ్డెక్కింది. రేవులో కూలీలు, ఆఫీసుల్లో గుమాస్తాలు, కాషాయాల సన్యాసులు... బోటాటౌంగ్‌లో మన వీధి చివర వెదురు బొంగులతో అడ్డు కట్టారు. సెప్టెంబరులో సైన్యం దిగింది. కాల్పులు. ఇప్పుడు పొద్దు వాలితే కర్ఫ్యూ. పబేడాన్‌లో మనవాళ్ల ఇడ్లీ కొట్టు తలుపు ఒక రెక్కే తీస్తున్నారు. బయటి దేశాలనుంచి ఉత్తరం ముక్క రాదు. ముందునుంచీ మూసిన ఇల్లేగా ఈ దేశం, ఇప్పుడు లోపల గడియ కూడా పెట్టారు.

నీ జీపు మాత్రం ఉంది. అదెలా మిగిలిందో చెప్తే నవ్వుతావు.

సర్కారువారు నిన్ను మెకానిక్కు పని నేర్చుకోమని సైబీరియా పంపడం, రెండు శీతాకాలాలు అక్కడుండి రావడం... ఆ కథలు వినీ వినీ మా చెవులు గడ్డకట్టిపోయాయి. డిపోలో తుక్కు కింద అమ్మేసిన రష్యా జీపుని నువ్వు ఇంటికి తోసుకొచ్చినప్పుడు అప్ప మూడు రోజులు మాటాడలేదు. నాలుగేళ్లు కూచుని దాన్ని లేపావు. అంతవరకూ బాగుంది. సాయంత్రమయ్యేసరికి బ్యాటరీ ఊడదీసి, ఇంట్లోకి తెచ్చి, మంచం కింద గొంగళి కప్పేవాడివే, అదేటి బావా? రంగూన్‌లో! ఏప్రిల్ నెలలో!

"చలి దేశంలో బ్యాటరీ బయట పడుకుంటే చచ్చిపోద్దిరా బావమరిదీ. చెయ్యి అలవాటు పడిపోయింది, నన్నేటి చెయ్యమంటావు?" అనేవాడివి.

నువ్వు పోయాక అప్ప ఆ పని వదల్లేదు. నేను చెప్పి చూశాను. వినలేదు. సెప్టెంబరులో ఒక పొద్దున్న సైనికులు బళ్లు పట్టుకుపోవడానికి మన వీధిలోకొచ్చారు. జీపు బానెట్ ఎత్తారు. బ్యాటరీ లేదు. టైరుని ఒక తన్ను తన్ని పోయారు. మంచం మీద అప్ప కూచుంది. కింద గొంగళిలో అది.

ఇంకొకటి చెప్పాలి. పాన్సోడాన్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలాయన దగ్గర రష్యా పత్రిక ఒకటి దొరికింది. అట్ట లేదు. అందులో ఒక ఫొటో బావా... సంతలో ఒక ముసలామె పాలు అమ్ముతోంది. గిన్నెలో కాదు, గడ్డకట్టిన బిళ్లలు, పిడకలు పేర్చినట్టు పేర్చుకుని! "పాలని గోనెసంచిలో ఏసుకుని భుజాన్నెట్టుకొస్తార్రా" అని నువ్వంటే ముప్పయ్యేళ్లు నవ్వాను. ఆరేసిన చొక్కా తలుపు చెక్కలా బిగుసుకుపోద్దంటే నవ్వాను. రాత్రంతా ఆగిన బండికి టైర్లు కిందేపు చదునైపోయి, పొద్దున్న కదిలిస్తే మైలు దూరం గెంతుకుంటూ పోద్దంటే, నువ్వు తాగొచ్చావనుకున్నాను. అదీ ఉంది అందులో. నీకు చూపించడానికి నువ్వు లేవు. నీ మాట నిజమేనని ఎవరి దగ్గర ఒప్పుకోవాలి ఇప్పుడు?

సరే. అసలు సంగతికొస్తాను. ఎంత తిరిగినా రావాలి కదా.

అప్ప కాలికి పుండు. షుగరు. ఆసుపత్రిలో డాక్టర్లు సగంమంది లేరు... కొందరు సమ్మెలో దిగి మళ్లీ రాలేదు, కొందరు ఏమయ్యారో తెలీదు. మింగళాడోన్‌లో ఒక డాక్టరమ్మ ఇంట్లోనే కట్టు కడుతోందంటే, పెట్రోలు సంపాదించి జీపులో తీసుకెళ్లాను. తిరిగొస్తూంటే, విమానాశ్రయం దాటాక, రోడ్డు పక్కన ఒక చిన్న పికప్ ఆగి ఉంది. బానెట్ పైకెత్తి ఉంది. ఒక మనిషి రోడ్డు మధ్యకి వచ్చి రెండు చేతులూ ఎత్తాడు. కాళ్లకి చెప్పుల్లేవు. బండి వెనక తొట్టిలో ఎవరో పడుకున్నట్టు కనిపించింది... కనిపించిందో, తర్వాత నేనే కల్పించుకున్నానో.

కర్ఫ్యూకి అరగంట ఉంది. ముందు సైనికుల కాపలా ఉంది.

స్టీరింగు తిప్పాను. అతన్ని చుట్టి వచ్చేశాను.

అప్ప మెడ తిప్పి, కనిపించినంత మేరా వెనక్కే చూసింది. తర్వాత ముందుకి తిరిగి, నీ గొంతు పెట్టి, నీ మాటే అంది: "ఆ చలిలో ఆగిపోయిన బండిని చూసి ఆగకుండా పోతే, ఆడి పేణం నువ్వే తీసినట్టు. దానికి చట్టం లేదు, కాగితం లేదు. అందరూ ఆగుతారు. దొంగ కూడా ఆగుతాడు."

అంతే.

మన్నాడు పొద్దున్నే బస్సెక్కి అక్కడికెళ్లాను. పికప్ లేదు. ఎదురుగా టీకొట్టులో అడిగాను. నిన్న ఇక్కడ బండేదీ ఆగలేదన్నారు. ఈ ఊళ్లో ఇప్పుడు ఎవరూ ఏదీ చూడరు బావా. రెండు టీలు తాగి వచ్చేశాను.

ఇంజన్లో నీళ్లు అయిపోయిన బండేమో. ఎవరో ఆగే ఉంటారేమో. ఉంటారా? ఇలా రోజుకి పదిసార్లు చెప్పుకుంటున్నాను. ఒకటి అడగనా... ఆ సైబీరియాలో నువ్వెప్పుడైనా ఆగకుండా పోయావా? ఒక్కసారైనా? అన్ని కథలు చెప్పినవాడివి, అది చెప్పలేదు. లేదంటావా, లేకపోతే చెప్పలేకపోయావా?

"అక్కడి చలి వణికించదురా, ఊరుకోబెట్టేస్తాది. ముందు వేళ్లు ఊరుకుంటాయి, తర్వాత బుర్ర. అప్పుడు హాయిగా ఉంటాది. ఆ హాయి వచ్చిందంటే భయపడు" అనేవాడివి. చెప్పొద్దూ, ఆ వేళ స్టీరింగు తిప్పాక నాకు హాయిగానే ఉంది. ఇంటి గుమ్మం దాకా.

అప్ప బాగానే ఉంది. వండుతుంది, పెడుతుంది. జీపులో మాత్రం ముందు సీట్లో కూచోదు. పుండు మానుతోంది.

నిన్న మళ్లీ కట్టుకి వెళ్లాం. అదే రోడ్డులో, ఇంకాస్త ఇవతల, ఒక లారీ ఆగి ఉంది. డ్రైవరు చెయ్యెత్తనే లేదు. బ్రేకు వేశాను. అతను లారీ కిందనుంచి లేచి, చేతులు లుంగీకి తుడుచుకుని వచ్చాడు. లారీకేమీ కాలేదట, పడుకున్నాడట. అగ్గిపెట్టె ఉందా అన్నాడు.

అప్ప రొంటిలోంచి తీసి ఇచ్చింది. అతను చుట్ట వెలిగించుకుని పెట్టె తిరిగిచ్చాడు. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాం.