నీళ్లు పండేదాకా

ఫిబ్రవరి 10, ఆదివారం

రొట్టెలు ఇరవై నాలుగు. ఆవపెట్టిన రోహు చేప, ముక్కలు ఏడు. అత్తగారికి పథ్యం చేపపులుసు వేరుగా. నా పొయ్యి మీద అరటికాయ, పెసరపప్పు. దుప్పట్లు మూడు ఉతికాను. నీళ్లు పద్దెనిమిది బకెట్లు మేడ మీదికి మోశాను. ఈ చివరిది కొత్త పని.

మరిది పినాకి గాజు తొట్టె కొన్నాడు. అత్తగారి గదిలో మంచానికి ఎదురుగా పెట్టించాడు. ఆవిడకి చూపు మసక, రంగులు మాత్రం తెలుస్తాయి. రంగు చేపల్ని చూస్తూ ఉంటే బీపీ దిగుతుందని ఎవరో చెప్పారట. డిస్కస్ చేపలు వేస్తాడట, ఎర్రగా, పళ్లెంలా గుండ్రంగా ఉంటాయి. కానీ ఇప్పుడే కాదు. ముందు నీళ్లు పండాలి.

నాకు అర్థమైంది రాసుకుంటున్నాను. చేప వదిలిన మలినం అమ్మోనియా అనే విషమవుతుంది. దాన్ని తినే సూక్ష్మజీవులు ఫిల్టరు స్పాంజిలో పుట్టాలి. అవి దాన్ని తిని నైట్రైటు అనే ఇంకో విషం చేస్తాయి. దాన్ని తినేవి మరో రకం, అవీ పుట్టాలి. అప్పటికి నీళ్లు పండినట్టు. నెల పైనే పడుతుంది. అందాకా ఎవరో ఒకరు ఆ విషంలో ఉండి దాన్ని పుట్టించాలి గనక సంతలో చవకవి ఆరు చిన్న చేపలు తెచ్చాడు.

చచ్చిపోవూ అని అడిగాను. అందుకే తెచ్చాను వదినా అన్నాడు.

పరీక్ష చుక్కల పెట్టె నా చేతికిచ్చాడు. చెప్పిన పని చెప్పినట్టు రోజూ చేసేది ఈ ఇంట్లో నువ్వే అన్నాడు. మెప్పే అనుకుంటాను.

ఫిబ్రవరి 14

అమ్మోనియాకి పసుపు రంగు రావాలి. ఆకుపచ్చ వచ్చింది. రెండు పోయాయి. చెంచాతో తీసి తులసి కుండీలో పూడ్చబోతే అత్తగారు ఒప్పుకోలేదు. చెత్తబుట్టలో వేశాను.

ఫిబ్రవరి 16

ఇంకో మూడు. మిగిలినది పక్కకి ఒరిగి ఈదుతోంది. తోటికోడలు ఝుంపా దాన్ని వీడియో తీసి వాళ్ల చెల్లికి పంపింది.

ఫిబ్రవరి 17, ఆదివారం

ఆరోది కూడా.

పినాకి విసుక్కున్నాడు. విషం పుట్టించే చేప లేకపోతే స్పాంజిలో పుట్టినవి ఆకలికి చస్తాయట. బజారుకేగా వెళ్తున్నావు, చావనిదేదన్నా పట్రా అన్నాడు. చావని చేపంటే నాకు తెలిసింది కొయి. నల్లటి వంటచేప. తడిగుడ్డలో చుట్టి ఉంచినా పూటంతా బతుకుతుంది, నేల మీద వదిలితే మొప్పలతో పాకుతుంది. చేపలమ్మే నిమాయి కుండలోంచి తీసి చూపిస్తూ, ఒక్క కొయి ఎవరికి సరిపోతుంది వదినా, దేవుడికా అన్నాడు. తొట్టెకి అన్నాను. వాడు నవ్వి, పక్క దుకాణం వాణ్ణి పిలిచి మరీ చెప్పాడు.

ఫిబ్రవరి 20

కొయి తొట్టెలో విషం తాగుతూ దర్జాగా ఉంది. గాలి కోసం పైకి వచ్చి నోరు తెరిచినప్పుడల్లా టుప్పుమని చప్పుడు. ఇన్నాళ్లూ తొట్టె వైపు ముఖం తిప్పని అత్తగారు ఆ చప్పుడికి లేచి కూర్చున్నారు. గోధుమపిండి ఉండ వేయమన్నారు. టుప్పు. మళ్లీ వేయమన్నారు.

సాయంత్రానికి దానికి పేరు పెట్టారు. భులు.

భులు మా ఆయన ముద్దుపేరు. తల్లి ఒక్కతే అలా పిలిచేది. తొమ్మిదేళ్ల క్రితం ట్రాము దిగుతూ పడిపోయారు, ఇంటికి శవం వచ్చింది. పన్నెండో రోజున, మైల తీరి అందరూ మళ్లీ చేప తినే భోజనంలో, నా కంచంలో మా అన్నయ్య చేప ముక్క వేయబోతే అత్తగారు అందరి ముందూ అన్నారు:

"నా కొడుకుని తిన్నావు కదే. ఇంకా చేప కూడా కావాలా?"

అన్నయ్య ముక్క వెనక్కి పెట్టేశాడు. వితంతువు చేప ముట్టకూడదన్న నియమం ఈ రోజుల్లో ఎవరూ పాటించడం లేదని ఝుంపా నాతో ఒకసారి అంది, నాతోనే, ఆవిడతో కాదు. అత్తగారూ వితంతువే. మామగారు పోయాక పదకొండేళ్లు ముట్టలేదు. తర్వాత డాక్టరు ఒంట్లో రక్తం లేదన్నాడు, అప్పటినుంచి ఆవిడకి చేప మందు. నాకు రక్తం ఉంది.

ఈ తొమ్మిదేళ్లలో చేప వండని రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఉప్పు ఒక్కసారి తప్పలేదు. వాసన చూసి చెప్పేస్తాను.

మార్చి 2

అమ్మోనియా తగ్గింది. నైట్రైటు ఊదా రంగు. మొదటి రకం పుట్టిందన్నమాట. భులు బలిసింది. అత్తగారి వేలు నీళ్లలో ఉంటే వచ్చి తాకుతోంది. ఆవిడ నవ్వడం చాలాకాలానికి విన్నాను.

మార్చి 8

నా తప్పు. రాస్తున్నాను.

గదిలో నీచువాసన, పక్కనే దేవుడి గది, ఆ స్పాంజి బురదలా ఉంది కడుగు అన్నారు అత్తగారు. కడిగాను. కొళాయి కింద, సబ్బు పెట్టి, తెల్లగా మల్లెపువ్వులా. సూక్ష్మజీవుల కాపురమంతా ఆ బురదలోనే ఉందట. పినాకి వచ్చి తల పట్టుకున్నాడు. మళ్లీ మొదటికొచ్చిందన్నాడు. కడగమన్నదెవరో నేను చెప్పలేదు, ఆవిడ కూడా చెప్పలేదు. పైగా మంచం మీదినుంచి అన్నారు, దాని చెయ్యి పడ్డాక ఏది బతికింది గనక అని.

మార్చి 11

ఆకుపచ్చ. ముదురు ఆకుపచ్చ. భులు మొప్పలు ఎర్రబడ్డాయి. అత్తగారు గాజు మీద చెయ్యి వేసి కూర్చున్నారు, పథ్యం ముట్టలేదు. రోజూ సగం నీళ్లు మార్చమన్నారు. తొమ్మిది బకెట్లు పైకి, తొమ్మిది కిందికి. మా ఆయనకి గుండెజబ్బు ఉందని నాకు తెలియనే లేదని, తెలుసుకోవలసిందని, ఈ భులునైనా చూసుకొమ్మని అన్నారు. మెత్తగానే అన్నారు. ఆవిడ మెత్తగా అన్నవి నాకు ఎక్కువ గుర్తుంటాయి.

మార్చి 15

భులు తిన్నది. ఆవిడా తిన్నారు. నా నడుము పట్టేసింది.

మార్చి 29

అమ్మోనియా పసుపు. నైట్రైటు లేత నీలం. మూడోది, నైట్రేటు, నారింజ. మూడు గొట్టాలూ కిటికీ దగ్గర పెట్టి పినాకిని పిలిచాను. పండాయి అన్నాడు. పండించింది తనేనని ఫోనులో స్నేహితుడికి చెప్పాడు.

మార్చి 31, ఆదివారం

డిస్కస్ చేపలు నాలుగు వచ్చాయి. నిజంగానే అందంగా ఉన్నాయి. కొయి వాటి రెక్కలు కొరికేస్తుంది గనక బయటికి తీయాలి. కూర వండేయ్ వదినా, లేకపోతే కాలువలో వదిలేయ్ అన్నాడు పినాకి. అత్తగారు ఏడ్చారు. మా ఆయన పోయిన రోజున కూడా ఆవిడ అలా ఏడవలేదు, ఆ రోజు అరిచారు. చివరికి ఒప్పందం: రేపు ఆఫీసు నుంచి వస్తూ పినాకి చిన్న తొట్టె తెస్తాడు, అందాకా భులు వంటింట్లో మట్టికుండలో.

కుండ మీద మూత పెడుతుంటే అత్తగారు పిలిచారు.

"పెద్దకోడలా, ఈ భులునన్నా తినకుండా ఉంచు."

ఝుంపా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు కొంగు పక్కలనుంచి వచ్చింది.

ఏప్రిల్ 1, సోమవారం, ఏకాదశి

నాకు ఉపవాసం. పినాకి ఆఫీసుకి, ఝుంపా పుట్టింటికి.

పదింటికి కుండ తీశాను. చేతులకి బూడిద రాసుకున్నాను, లేకపోతే కొయి జారిపోతుంది. కత్తిపీట మీద పెట్టాక కూడా టుప్పుమంది. తల తెగాక కూడా కాసేపు మొప్పలు కదిలాయి. చావని చేప అన్నానుగా. ఉప్పు, పసుపు. ఆవనూనె పొగ వచ్చేదాకా కాచాను. పచ్చిమిర్చి నాలుగు. అన్నం కొత్తగా వండాను.

వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాను. తొమ్మిదేళ్లకి నాలుక ముళ్లు ఏరడం మరిచిపోయింది. ఒకటి గొంతులో గుచ్చుకుంది. అన్నం ముద్ద మింగాను, దిగింది. బాగుంది. బాగోలేదని రాస్తే లెక్క తప్పవుతుంది.

చెయ్యి కడుక్కోకుండానే ఆవిడ గదికి వెళ్లాను. డిస్కస్ చేపల వైపు వీపు పెట్టి పడుకుని ఉన్నారు. భులు ఏం చేస్తున్నాడు, చప్పుడు లేదేం అని అడిగారు.

"తిన్నానమ్మా."

నా చెయ్యి ఆవిడ ముఖం దగ్గర పెట్టాను. వాసన చూశారు. శాపం పెడతారనుకున్నాను. నిలబడే ఉన్నాను, పెడితే విందామని. ఆవిడ అడిగారు.

"ఆవపెట్టావా, నూనెలోనా?"

నూనెలో అని చెప్పాను. వాడికి అలాగే ఇష్టం అని గోడ వైపు తిరిగారు. ఏ భులుకో చెప్పలేదు.

ఏప్రిల్ 2

రోహు ముక్కలు ఏడు. పథ్యం పులుసు వేరుగా. అత్తగారు ముట్టలేదు, ఇకమీదట చేయవద్దన్నారు. ఆ గిన్నెలోది నేను తిన్నాను.

తినకుండానే తిన్నానన్న మాట తొమ్మిదేళ్లు పడ్డాను, ఇప్పుడు తిన్నాను. అత్తగారి బాకీ చెల్లు.