కొండ దిగే దారిలో

టకాకా, మే 14

నా లినెట్ తల్లికి,

నీకూ, మీ ఆయనకూ, నేనింకా ముఖం చూడని నా మనవడికీ ముద్దులు. ఇక్కడ నేనూ, మీ బెరిల్ అత్తా కులాసాగానే ఉన్నాం. మే వచ్చిందంటే ఇక్కడ చలికాలమే కదా, ఆవులు పాలు తగ్గించాయి.

"కారు బాగుందా, ఎప్పుడొస్తావు?" అని అడిగావు. కారు సంగతి ముందు చెబుతాను. మీ నాన్న పోయిన రోజు ఆయన కారులో బ్రేక్ ఆయిల్ పాతబడి, తేమ పట్టి, కొండ దిగుతుంటే మరిగిపోయి బ్రేకు పడలేదన్నారు కదా. నా కారులోదీ అంతే పాతది. ఆదివారం పొద్దున్నే మీ అత్త కొత్త ఆయిల్ సీసాతో వచ్చింది. చక్రాలకు కట్టెలు అడ్డుపెట్టి, కారు కింద ఇనుప స్టాండ్లు నిలిపింది.

"జాకీ ఒక్కదాన్నే నమ్ముకుంటే మా అన్నయ్య పక్కనే నన్నూ పూడ్చాలి వదినా" అంది.

నా పని సీట్లో కూర్చుని బ్రేక్ నొక్కడం. తను కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకుని చక్రం దగ్గర కూర్చుంది.

"నొక్కు. అలాగే ఉంచు."

తను చక్రం వెనక ఆయిల్ వదిలే మర వదులు చేసింది. నా కాలి కింద పెడల్ మెత్తగా, అడ్డూ ఆపూ లేకుండా అడుగుకి దిగిపోయింది. ఆ రోజు మీ నాన్న కాలికి తెలిసింది ఇదే కదా తల్లీ! పక్క సీట్లో ఆయన ఊపిరి వినిపించింది. కాలు తీసేశాను.

"ఎత్తేశావా! మర బిగించకముందే ఎత్తితే గొట్టం గాలి మింగేస్తుందే!"

"బెరిల్, అడుగుకి పోయింది..."

తను లేచి వచ్చి నా ముఖం చూసింది. కళ్లద్దాలు పైకి తోసి కళ్లు తుడుచుకుందామంటే తన గ్లవ్స్ నిండా ఆయిల్.

"మర వదిలితే అలాగే పోతుంది వదినా. బిగిస్తే నిలబడుతుంది. మళ్లీ నొక్కు. ఈసారి నేను చెప్పేదాకా ఎత్తకు."

ఎత్తలేదు. టీ డికాషన్‌లా నల్లగా ఉన్న ఆయిల్ గొట్టంలోంచి సీసాలోకి కారింది. పైన బానెట్ కింది ఆయిల్ డబ్బా ఖాళీ కానివ్వకుండా కొత్తది పోస్తూ, నాలుగు చక్రాల దగ్గరా తేటగా వచ్చేదాకా చేశాం. చివరికి పెడల్ రాయిలా నిలిచింది.

ఇప్పుడు అసలు మాట. నీ కాన్పుకి జ్వరమొచ్చి రాలేకపోయానని రాశాను. జ్వరమేమీ లేదు. మీ ఊరి దారిలోని ఆ కొండ మొదటిదాకా వచ్చి వెనక్కి తిరిగాను. నిద్రపోతే చాలు, నా కాలి కింద పెడల్ దిగిపోతూ ఉండేది.

నిన్న ముందు పెరట్లో మెల్లగా నడిపి, బ్రేకు పట్టి చూసుకుని, కొండెక్కాను. అవతలి వైపు చిన్న గేరులో దిగుతూ, ఆ మలుపు దగ్గర బ్రేకు నొక్కాను. కారు ఆగింది. మీ నాన్న ఆగలేకపోయిన చోట నేను ఆగాను. పక్క సీట్లో మళ్లీ ఆయన ఊపిరి వినిపించింది.

"ఆగాం" అన్నాను పైకే.

శనివారం మధ్యాహ్నానికి మీ ఇంట్లో ఉంటాను. ఒక్కదాన్నే వస్తున్నానని మాత్రం చెప్పలేను.

ఇట్లు,
ప్రయాణానికి సిద్ధమైన మీ అమ్మ,
ఏవిస్