పందెం రాకముందే పడేసిన ముక్కలు

ఉదయగిరి, 1951, శనివారం రాత్రి

సాయంత్రం ఆరు గంటలకు మస్తాన్ పోకర్ పేకాటలో సైకిలు పోగొట్టుకున్నాడు. చెక్క గరిటెలు ఆత్మకూరు సంతకు మోసేది ఆ సైకిలే.

ఆఖరి చుట్టులో మస్తాన్ పందెం కాయలేదు. తర్వాతి వంతు రమణారెడ్డిది. కట్టాల్సింది ఏమీ లేకపోయినా ముక్కలు పడేసి ఆట వదిలేశాడు. ఇక మిగిలిన అతని బామ్మర్ది పెద్ద పందెం కాశాడు. మస్తాన్ బెదిరి తప్పుకున్నాడు; అంతకుముందే ఒడ్డిన సైకిలు బామ్మర్దికి పోయింది.

ఆట నేర్పిన హవల్దారు ఊరుకోలేదు. "పైసా కట్టకుండా ఆటలో ఉండే దానికి ఎందుకు పడేసినావు రెడ్డీ? నువ్వుంటే నీ బామ్మర్ది అంత కాస్తాడా?"

"నా ముక్కలు, నా ఇష్టం. ఏం విలేకరీ, తప్పేంది?" రెడ్డి నా వైపు తిరిగాడు.

నిబంధన ప్రకారం తప్పు లేదు. కానీ పడేసే ముందు రెడ్డి బామ్మర్ది వైపు చూడటం నేను చూశాను. నాకు ఊరి వార్తలు చెప్పేదీ రెడ్డే...

రేపు ఉదయం బామ్మర్ది సైకిలు తీసుకుని వరికుంటపాడు పోతాడు. తగవు అందరూ నాకే వదిలారు; ఆలోపు హవల్దారు అరుగు మీద సైకిలు ఎవరిదో నేను తీర్పు చెప్పాలి.