అత్తగారి మీద పడిన పిడుగు

మబ్బులను కూర్చే జియస్ తండ్రికి, ఒలింపస్ కొండ.

స్కోలోస్ గ్రామం నుంచి డేమియాస్ భార్య మెలిత్త చేతులు కడుక్కుని వ్రాసుకున్నది. మా ఇంట ఎప్పుడైనా మీకు తొడ ఎముకలు కొవ్వులో చుట్టి కాల్చి ఉంటే ఈ విన్నపం వినండి. కాల్చాం. మాంసం మేం తిన్న మాట నిజమే, కానీ అది మొదటినుంచీ మీరు ఒప్పుకున్న పద్ధతే.

మొన్న ఉరుముల రోజున మేమంతా ద్రాక్షతోటలో ఉండగా మీ పిడుగు మా ముంగిట్లో పడింది. సరిగ్గా మా అత్తగారు నికరేత కూర్చునే పీట మీద. పీట కోడు ఒకటి కాలింది. అత్తగారి తలగుడ్డ అంచు కాలింది. అత్తగారు కాలలేదు.

పూజారి ఒనాసోస్ పరుగున వచ్చి, "ఇది జియస్ దిగిన చోటు, ఇక ఆయన సొంతం" అని చుట్టూ కంచె కట్టించాడు. లోపల ఎవరూ కాలు పెట్టకూడదు. లోపల ఉన్నది ఏదీ బయటికి రాకూడదు. ఈ నియమం పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ మాకు తెలుసు. చిక్కు ఏమిటంటే, ఆయన కంచె కట్టిస్తున్నప్పుడు అత్తగారు లోపలే ఉన్నారు. కొట్టుగది మూరెడు తాళంచెవి అత్తగారి భుజాన వేలాడుతోంది.

చలికాలానికి దాచిన బార్లీ, నూనె, ఎండు అత్తిపళ్ళు అన్నీ ఆ గదిలోనే. తలుపు విరగ్గొడదామంటే అత్తగారు కంచెలోంచి, "తలుపు ముట్టినవాడి చెయ్యి విరుగుతుంది, ఇది నా మాట కాదు, పైవాడి మాట" అంటారు. మా ఆయనకు తల్లి మాట ఎప్పుడూ పైవాడి మాటే. ఇప్పుడు ఊరికంతటికీ అయింది.

కాబట్టి దయచేసి మీ చోటు మీరు వదులుకోండి. లేదా మీ మనిషిని మీరు పైకి తీసుకుపోండి. మీకది కొత్త కాదు కదా.

ఇట్లు,
ఈ పొగ వెనకే చేతులెత్తి నిలబడిన
మెలిత్త

తా.క. తీసుకుపోయేటట్లయితే తాళంచెవి కింద పడేసి తీసుకుపోండి.

* * *

మరణించే జాతిలోని మెలిత్తకు మరణించనివాళ్ళ దీవెనలు.

నీ విన్నపం పొగగా అందింది. మాడు వాసన వేస్తోంది, ఈసారి ఎండిన పుల్లలు వాడు. నేను లితేను, జియస్ గారి కూతుళ్ళలో ఒకతెను. మీ మొరలన్నీ ఆయన ముందుకు మోసేది మా అక్కచెల్లెళ్ళమే. అందరం కుంటివాళ్ళం గనక కాస్త ఆలస్యమవుతుంది. దీన్ని నిర్లక్ష్యం అనుకునేవాళ్ళున్నారు.

నాన్నగారికి నీ ఉత్తరం చదివి వినిపిస్తుండగా ఆయన భార్య హేరా అమ్మగారు అటుగా వచ్చారు. ఆమె విన్నది రెండు ముక్కలు: ఆడమనిషి, పిడుగు. మీ పక్కనే థేబెస్‌లో సెమెలె ఉండేది. నాన్నగారు ఆమెను ప్రేమించి పిడుగుతో సహా వెళ్ళారు, ఆమె కాలిపోయింది, ఆ గదికి కట్టిన కంచె ఇప్పటికీ ఉంది. అప్పటినుంచీ ఈ ఇంట్లో పిడుగంటే ఒక్క పిడుగే కాదు.

అందుచేత అమ్మగారు అడిగిన వివరాలు వెంటనే పంపు. నికరేత వయసెంత? కళ్ళు ఎలాంటివి? నడక ఎలా ఉంటుంది? పాడుతుందా?

ఇట్లు,
విన్నపాల కొలువు తరఫున
లితే

తా.క. ఉత్తరం తెచ్చే గద్ద నాన్నగారి సొంత పక్షి. చాలా క్రమశిక్షణ గలది. దారిలో ఏమీ తినదు. గుమ్మం చేరాక తింటుంది.

* * *

లితే అమ్మకు మెలిత్త మొక్కి వ్రాసుకున్నది.

గద్ద వచ్చింది. ఉత్తరం పడేసి, మా పెద్ద బాతును తీసుకుపోయింది. క్రమశిక్షణ చూశాం.

అత్తగారి వివరాలు. వయసు డెబ్బై దాటింది. కళ్ళలో ఒకటి నిద్రపోతుంది, రెండోది నన్ను చూస్తుంది. నడక, కంచె పడ్డప్పటినుంచీ లేదు. పాట లేదు. మాట ఉంది. పళ్ళు నాలుగు. ఆ నాలుగింటికీ బార్లీ రొట్టెలు చాలడం లేదు.

ఇక్కడ పరిస్థితి ముదిరింది. పిడుగు పడినా బతికిన మనిషని చుట్టుపక్కల ఊళ్ళనుంచి జనం వస్తున్నారు. కంచె అవతల నిలబడి అడిగినవాటికి అత్తగారు జవాబులు చెబుతారు. నిన్న ప్లాటియానుంచి ఒకాయన వచ్చి, "తల్లీ, ఓడ వ్యాపారం పెట్టనా?" అని అడిగాడు.

అత్తగారు కళ్ళు మూసుకుని, "మా కోడలు పప్పులో ఉప్పు వేసిందా, సముద్రం వేసిందా?" అన్నారు.

ఆయన అక్కడే సాగిలపడ్డాడు. సముద్రం జోలికి పోవద్దని దేవుడే చెప్పాడట. ఒక మేకను ఇచ్చి వెళ్ళాడు. మేకను కంచెలోకి తోలారు. ఇక అది కూడా మీదే.

రొట్టెలు కాల్చే పొడుగు చెక్కతో ఆమెకు అన్నపానాలు లోపలికి అందిస్తున్నాను. గిన్నెలు తిరిగి రావు, దేవుడివి కదా. మేం నలుగురం ఒకే గిన్నెలో తింటున్నాం.

తొందరగా ఏదో ఒకటి తేల్చండి.

ఇట్లు,
గిన్నెలు లేని
మెలిత్త

తా.క. ఆమె అందం గురించి అడిగారు. మా మామగారు బతికి ఉన్నా చెప్పేవారు కాదు.

* * *

మెలిత్తకు దీవెనలు. శుభవార్త.

నీ ఉత్తరం హేరా అమ్మగారే స్వయంగా చదివారు. "డెబ్బై ఏళ్ళు, నాలుగు పళ్ళు" దగ్గర ఆగిపోయారు. "ఇంత జాగ్రత్తగా అందవిహీనంగా రాశారంటే ఇది వేషమే" అన్నారు. సెమెలెను మోసం చేయడానికి ముసలిదాని వేషం వేసింది అమ్మగారే గనక ఆ విద్యలో ఆమె మాటకు తిరుగులేదు.

నాన్నగారిని నిలదీశారు. "ఆ రోజు నేను ఊళ్ళోనే లేను. దేవతలందరం ఇథియోపియావాళ్ళ విందుకు పోయాం. నీ పక్కనే కూర్చుని తిన్నాను కదే!" అన్నారు ఆయన.

"పక్కనే కూర్చున్నది మీరే అని ఏమిటి నమ్మకం? హంసగా మారతారు, ఎద్దుగా మారతారు, బంగారు వానగా కురుస్తారు. మీరు మీలాగా మారలేరా?" అని అమ్మగారు అన్నారు.

కాబట్టి వచ్చే అమావాస్యకు నికరేతను ఆవుగా మార్చాలని నిర్ణయమైంది. వెంట ఒక జోరీగను పంపుతాం. అది కుడుతూ ఉంటే ఆమె కొండలూ సముద్రాలూ దాటి ఈజిప్టు దాకా పరుగెడుతుంది. ఇంతకుముందు ఇయో అనే అమ్మాయి విషయంలో ఇది చక్కగా జరిగింది.

నువ్వు తొందరగా తేల్చమన్నావు. తేల్చాం. విన్నపాల కొలువులో ఇంత త్వరగా పని కావడం అరుదు.

ఇట్లు,
నీ సంతోషంలో పాలుపంచుకునే
లితే

తా.క. జోరీగ గద్దతోనే వస్తుంది. భయపడకు, నిన్ను కుట్టదు. దానికి పేరు చెప్పి పంపుతాం.

* * *

లితే అమ్మా, అమ్మా,

ఆపండి. కట్టె తడిదే అయినా ఆగలేక కాలుస్తున్నాను, మాడు వాసనకు క్షమించండి.

ఉత్తరం చదవగానే కంచె దగ్గరికి పరుగెత్తాను. "అత్తా, నిన్ను ఆవును చేస్తారట" అన్నాను.

"ఏ రంగు ఆవు?" అని అడిగారు.

జోరీగ గురించి చెప్పాను. ఈజిప్టు గురించి చెప్పాను. అప్పుడు ఆ నిద్రపోయే కన్ను కూడా తెరుచుకుంది.

"పిడుగూ లేదు, గాడిదగుడ్డూ లేదే. కుంపట్లో నిప్పు తెచ్చి పీట కోడు నేనే కాల్చుకున్నాను. తలగుడ్డ నేనే కాల్చుకున్నాను. బూడిద పూసుకుని పడుకున్నాను."

"ఎందుకత్తా?"

"నా కొడుకు బండి మాట్లాడాడు కదే! నన్ను తనాగ్రలో కూతురింట వదిలిపెట్టడానికి. అక్కడ తాళంచెవి దాని అత్త దగ్గర ఉంది. తాళంచెవి లేని ఇంట్లో నేనెవర్ని? గోడకు చేరేసిన చీపురునా? దేవుడి చోటునుంచయితే ఎవడూ కదపలేడని..." అని ఆగి, "నువ్వు బుట్ట కూడా సర్దావు కదే. నా ఉన్ని దుప్పటి మడత పెట్టడం చూశాను" అన్నారు.

అమ్మా, ఆ దుప్పటి మడత పెట్టింది నేనే. బాగా మడత పెట్టాను కూడా.

కంచె దాటి లోపలికి పోయాను. పట్టపగలే. ఏమీ కాలేదు. గిన్నెల మధ్య ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. అలాంటప్పుడు కూడా "కాళ్ళు కడుక్కుని వచ్చావా?" అని అడిగారు.

హేరా అమ్మగారికి చెప్పండి. నాన్నగారు ఈ ఒక్కసారి నిజం చెప్పారు. ఈమెతో పోట్లాడే హక్కు పెళ్ళినాడు ఈ ఇంటి పొయ్యి చుట్టూ తిరిగి సంపాదించుకున్నాను. దాన్ని జోరీగకు ఇవ్వను. మార్చి తీరాలంటే ఇద్దర్నీ మార్చండి. దారంతా ఒకర్నొకరం తప్పుపట్టుకుంటూ పోతాం, ఈజిప్టు దూరమనిపించదు.

ఇట్లు,
కంచె లోపలినుంచి
మెలిత్త

తా.క. మేక కూడా ఇక్కడే ఉంది. దాని తప్పేమీ లేదు.

* * *

మెలిత్తకు దీవెనలు.

నీ ఉత్తరం అమ్మగారు విన్నారు. తాళంచెవి మాట దగ్గర ఇంకోసారి చదవమన్నారు. "ఇల్లు వదలనన్నందుకు ఆవును చేస్తే మొదట నన్నే చేయాలి" అన్నారు. జోరీగను వెనక్కు పిలిచాం. అది కొంచెం నొచ్చుకుంది.

నాన్నగారి సంగతి వేరు. పెళ్ళయిన ఇన్ని యుగాల్లో ఒక ఆడమనిషి విషయంలో ఆయన చెప్పింది నిజమని తేలడం ఇదే మొదలు. ఆనందం పట్టలేక అందర్నీ పిలిచి విందు చేస్తున్నారు. మీ అత్తాకోడళ్ళకు కృతజ్ఞత చూపించాలట. నికరేత మాట అబద్ధం కాకుండా అసలు సిసలైన పిడుగు ఒకటి, తన చేత్తో, మీ ముంగిట్లోనే వేస్తారట. పీట మీదనుంచి ఆమెను లేపి దూరంగా ఉండండి.

ఇట్లు,
లితే

తా.క. ఆయన గురి గొప్పది. విందులు లేని రోజుల్లో.

తా.తా.క. మా నడక సంగతి నీకు తెలుసు. పిడుగు నా ఉత్తరం కంటే ముందు చేరవచ్చు.

* * *

లితే అమ్మకు మెలిత్త నమస్కరించి వ్రాసుకున్నది.

ముందే చేరింది.

అదృష్టం బాగుండి ఇద్దరం కంచె బయటే ఉన్నాం. బయటికి ఎందుకు వచ్చామంటే, పప్పు నేను వండేది చూడలేక ఆమె పొయ్యి దగ్గరికి వచ్చారు. మబ్బు తునక లేని ఆకాశంలోంచి దిగింది. పీటను తాకలేదు. కొట్టుగది తలుపు మీద పడింది. తలుపు బూడిదయింది. అత్తిపళ్ళ దండ ఒకటి తప్ప లోపల సరుకంతా క్షేమం, వీధంతా కాల్చిన అత్తిపళ్ళ వాసన.

అత్తగారు తలుపు వంక చూశారు. తాళంచెవి వంక చూశారు. భుజంనుంచి తీసి నా చేతిలో పెట్టారు. "ఇదిగోనే కోడలు పిల్లా. ఇక నీదే" అన్నారు.

పెళ్ళయి వచ్చిన నాటినుంచీ ఈ మాటకోసం చూస్తున్నాను. ఆనందించే వ్యవధి దొరకలేదు. సందు చివర పూజారి ఒనాసోస్ కనిపించాడు. భుజాన కంచెకట్టే తాడు చుట్ట ఉంది. జియస్ దిగిన చోట ఎవరూ కాలు పెట్టకూడదు, లోపలిది ఏదీ బయటికి రాకూడదు. మా చలికాలమంతా లోపల ఉంది.

"ఎక్కడ పడింది పిడుగు? వెలుగు చూశాను" అన్నాడు రొప్పుతూ.

"పిడుగేమిటి పూజారిగారూ? అత్తయ్య కుంపటి దొర్లించింది" అన్నాను.

అత్తగారు ఒక్క క్షణం నన్ను చూశారు. రెండు కళ్ళతోనూ. వెంటనే చెయ్యి వణికించడం మొదలుపెట్టి, "వయసైపోయింది నాయనా. నిప్పు పట్టుకుంటే నిలవడం లేదు" అన్నారు.

ఒనాసోస్ తల ఎత్తి ఆకాశం చూశాడు. అంతా నీలం. "మరి మీరు కంచె బయట ఉన్నారేమిటి?" అని అడిగాడు.

"పైవాడే లేచి పొమ్మన్నాడు. నా మాటలు పడలేకపోయాడు" అన్నారు అత్తగారు. ఇది ఎందుకో ఆయన వెంటనే నమ్మాడు. పీటకు ఒక దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ రోజు కుంపటిని పిడుగన్నది ఆమె. ఈ రోజు పిడుగును కుంపటన్నది నేను. తనాగ్ర బండివాడికి రావద్దని కబురు పంపాను. దుప్పటి మడత విప్పాను. తాళంచెవి నా భుజాన ఉంది. తలుపు లేదు. లేని తలుపుకు అడ్డంగా అత్తగారు ఇంకో పీట వేసుకుని కూర్చున్నారు.

ఇట్లు,
ఇంటి యజమానురాలు
మెలిత్త

తా.క. ఇక ఉత్తరాలు వద్దమ్మా. మాకు ఒక్క బాతే మిగిలింది.

తా.తా.క. పిడుగు అందిందని నాన్నగారికి చెప్పండి. అందినట్టు ఇక్కడ ఎవరికీ చెప్పం.