డబుల్ రొట్టె వద్దన్న డాక్టరమ్మ

అక్కా,

నేను, విమలను. నువ్వు పోయి పదకొండు నెలలు దాటింది. నీ బిడ్డ లలిత ఇక్కడే, కూకట్‌పల్లిలో, అమ్మ దగ్గరా నా దగ్గరా ఉంటోంది. ఇప్పుడు బాగుంది. ముందు ఆ మాట చెప్పేస్తున్నాను.

దవాఖానలో నా చేయి పట్టుకుని అన్నావు, “బిడ్డకు గోధుమలు ఒంటికి పడ్తలేవు విమలా. అన్నం, జొన్నరొట్టె పెట్టు. జర యాదుంచుకో.” తలూపాను. నమ్మలేదక్కా. జ్వరంలో ఏదో అంటున్నావనుకున్నాను.

నువ్వు పోయిన రెండు నెలలకు లలితకు విరేచనాలు పట్టుకున్నాయి. రేషన్‌లో బియ్యం తగ్గించి గోధుమలు ఇస్తున్న రోజులు. ఇంట్లో రోజూ చపాతీలే. పిల్ల చేతులు పుల్లల్లా అయ్యాయి, పొట్ట మాత్రం ఉబ్బింది. మొదట చూసిన డాక్టరు కడుపులో పురుగులన్నాడు. జొన్నరొట్టె అరగదు, పాలలో డబుల్ రొట్టె, అదే బ్రెడ్డు, నానబెట్టి పెట్టమన్నాడు.

సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ దగ్గరే ఉంటున్న బావ ప్రతి ఆదివారం వస్తూ సంచీనిండా తెచ్చేవాడు. తినిపించింది నేనే. వద్దని మొహం తిప్పుకుంటే బతిమాలి, ఒకసారి కొట్టి మరీ... అప్పుడు నువ్వు ఎక్కడినుంచైనా చూశావా?

ఒక ఆదివారం బావకు డ్యూటీ పడి రాలేదు. రొట్టె అయిపోయింది. పిండీ అయిపోయింది. వారమంతా గంజి అన్నం, జొన్నరవ్వ వండిన గటకే పెట్టాను. విరేచనాలు ఆగాయి. నీ మాట అప్పుడు గుర్తొచ్చింది. ఎంత ఆలస్యంగానో...

బావకు చెప్పాను. “డాక్టర్ కంటె నీకెక్కువ ఎరుకనా?” అన్నాడు. మరుసటి వారం మళ్ళీ రొట్టె తెచ్చాడు, మళ్ళీ మొదలైంది. ఇక కూర్చోలేకపోయాను. బడికెళ్ళే పిల్లను చంకనేసుకుని బస్సులెక్కాను. గోధుమ మాట ఎత్తగానే రెండో డాక్టరు నవ్వాడు. మూడో ఆయన రాస్తున్న చీటీ నుంచి తల కూడా ఎత్తలేదు. చెప్పాల్సింది నోట్లోనే ఉండగా లేచి వచ్చేదాన్ని.

బాలానగర్ దారిలో ఒక డాక్టరమ్మ ఉందని ఎవరో చెప్పారు. ఆమె పిల్ల పొట్ట తడిమి, గోళ్ళు చూసి, ఏ రోజు ఏం తిన్నదో అడిగింది. భయపడుతూనే నీ మాట చెప్పాను. నవ్వలేదక్కా! “ఇది ముందు ఎవరు కనిపెట్టారమ్మా?” అంది. వాళ్ళమ్మ అన్నాను. “కొందరు పిల్లల పేగులకు గోధుమ పడదు. ఇలాంటి పాపను ఒకసారి చూశాను. తల్లి గమనించిందంటే కొట్టిపారేయకూడదు. గోధుమ పూర్తిగా మానిపించండి. నెలనెలా తెచ్చి చూపించండి, తూకం వేస్తాను” అంది.

మరో ఆదివారం బావను లాక్కెళ్ళాను. ఆమె నాకు చెప్పిందంతా ఆయనకూ చెప్పింది. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని, “ఇన్ని దినాలు నేనే తెచ్చి పెట్టిన గద...” అన్నాడు. నేనూ పక్కనే కూర్చున్నాను. తినిపించింది నేను కదా.

గోధుమలు పక్కింటికిచ్చి జొన్నలు తెచ్చుకుంటున్నాం. అయినా స్థిమితం లేదు. పోయిన నెల బడిలో అందరితో కలిసి గోధుమ రవ్వ ఉప్మా తిని మూడు రోజులు పడుకుంది. గోధుమ పెట్టొద్దని డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ పట్టుకెళ్ళి పంతులమ్మ బల్ల మీద పెట్టి వచ్చాను. ఎవరైనా పిల్లకు ఏదైనా ఇస్తే పరుగెత్తుతాను. ఈ భయం ఎప్పటికైనా తగ్గుతుందా?

లలిత బరువు పెరుగుతోంది. పోయిన ఏడాది గౌను బిగుతైంది. ఆ గౌను పట్టుకుని అమ్మ ఎంత ఏడ్చిందో!

డాక్టరమ్మ లలిత పేరున ఒక కార్డు రాసింది. తల్లి పేరు అడిగితే నీ పేరే చెప్పాను. “ఉన్నారా?” అని అడగలేదామె. నువ్వు లేవని నేనూ చెప్పలేదు. ఇక ముందు బడిలో అయినా, దవాఖానలో అయినా, అడిగిన ప్రతిచోటా నీ పేరే రాయిస్తాను.

నీ చెల్లె,
విమల