చేదు కందుల పంపకాలు

వీధిలో అందరూ చేదు పెద్దాయన అని పిలిచే పప్పుల కొట్టు యజమానినైన నేను, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. "తెలివి ఉంటే గింజలకి అంత వేపనూనె పోస్తాడా?" అని నా బావమరిది అడ్డు తగులుతాడని తెలుసు. ఆ అభ్యంతరం చెల్లదు.

1. కొట్టు, వెనక గోదాము, అందులోని కందులు, పెసలు, అలసందలు సర్వహక్కులతో నా భార్యకు చెందాలి. నా గోదాములో పుచ్చిన గింజ ఒక్కటీ లేదు. అమ్ముడుపోయిన గింజలూ పెద్దగా లేవు, కానీ ఆ సంగతి ఇక్కడ అనవసరం.

2. వేపనూనె డబ్బాలు, వేపగింజలు దంచే రోలు నా బావమరిదికి. పురుగు పట్టకుండా కాస్త ఆముదం రాస్తే చాలని నాతో జన్మంతా వాదించింది ఇతడే. కొట్టు నిండా జనం ఉండగా, "బావా, తరమాల్సింది పురుగుల్ని, కొనేవాళ్లని కాదు" అన్నాడు. అందుకని ఆ డబ్బాలను అతని పడకగదిలో మూతలు తీసి ఉంచాలి.

3. వేపమందు పరీక్షల కోసం సీసాలో పెంచుతున్న పుచ్చుపురుగులు నా మనవరాలికి. వాటికి నూనె పట్టించని అలసందలే వెయ్యాలి. నోరులేని జీవాలను వేపాకుతో హింసించరాదు.

4. ఇవన్నీ అమలు చేయించే బాధ్యత పక్క కొట్టు దర్జీది. అతనికి జలుబు ఎప్పుడూ తగ్గదు కాబట్టి నా గోదాములో నిలబడగలిగేది అతనొక్కడే.

5. నా భార్యకు విడిగా ఇంకొకటి. నా పప్పు ఎంత కడిగినా, ఎంత ఉడికించినా చేదు పోదట. దాని దెబ్బకే మా అబ్బాయి వేరే కుంపటి పెట్టుకున్నాడు. ఆమె మాత్రం పెళ్లయిన నాటినుంచీ నా ఎదురుగా కూర్చుని అదే పప్పు తింటూ, "చేదేం లేదే, మీరు తినండి" అంటోంది. పురుగు కూడా ముట్టని పప్పు అది. ఆమె అంటే నాకు ప్రాణం. నోటితో ఎన్నడూ చెప్పలేదు కనుక రాతపూర్వకంగా చెబుతున్నాను.

నేను పోయాక నా బావమరిది కొత్త కందిపప్పు తెచ్చి, తన చేత్తో ఆముదం పట్టించి, వాళ్ల అక్కకు డబ్బా నింపి ఇవ్వాలి. అది ఖాళీ కాకముందే మళ్లీ నింపాలి. దీన్ని వేపనూనె ఓటమిగా ఎవరూ చెప్పుకోరాదు.

ఆమె ఆ పప్పు మొదటి ముద్ద తిని, "ఆయన పప్పే బాగుండేది" అంటుంది. అప్పుడు ఎవరూ నవ్వకూడదు.

తేదీ: ఫిబ్రవరి ఇరవై, మంగళవారం
సంతకం: చేదు పెద్దాయన

సాక్షులు:
పక్క కొట్టు దర్జీ
మందుల షాపు కాంపౌండరు (ముక్కుకు రుమాలు కట్టుకుని సంతకం చేశారు)