కొత్త మైకు వద్దు

దువ్వూరు దగ్గరి మన పల్లె నుంచి పాస్టరయ్యగారికి వందనాలు.

ఓట్లకు ముందు ఒక నాయకుడు మన చర్చికి మైకు సెట్టు ఇచ్చాడు కదా. ఓడిపోయాడు. గెలిచిన పార్టీ మనుషులొచ్చి దాన్ని పగలగొట్టారు. అడ్డం పోయిన నా భుజం మీదా ఒక కట్టె పడింది. "ఇంగ మీ పాటలు యాడ ఇనపడతాయో సూస్తాం" అంటూ పోయారు.

మైకున్నప్పుడు సుందరమ్మ ఒక్కతే పాడేది. మేమంతా పెదాలు కదిపి, మీ ప్రసంగానికి కునుకు తీసేవాళ్లం. ఇప్పుడు అందరం గొంతు చించుకుంటున్నాం. మొన్న ఆదివారం మా పాటకు గెలిచినాయన వాకిట్లో కుక్కలు కూడా మొరిగాయి. ఎన్నడూ చర్చి గడప తొక్కని ఆనందయ్య తప్పెటతో వచ్చాడు. "పాడొద్దనేదానికి వాళ్లెవరప్పా?" అన్నాడు. ఆయనకు ఒక్క పాటా రాదు.

మీరు ప్రొద్దుటూరు పోయి, ఓడినాయనను ఇంకో మైకు అడుగుతారని విన్నాను. దండం పెడతా, అడగొద్దు. శత్రువుల కోసం ప్రార్థించమని మీరే చెబుతారు కదా, ఇప్పుడు మనస్ఫూర్తిగానే చేస్తున్నాం. మైకు ఇచ్చినాయన మమ్మల్ని నిద్రపుచ్చాడు. లేపడానికి దేవుడికి కట్టె పట్టినోడే దొరికాడు.

ఇట్లు,
భుజం ఇంకా నొస్తున్న మీ సంఘస్థుడు